స్పేసర్లు వేశాక టైరు ఒరుసుకుంటోందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చక్రం బిగిసే హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే మందపాటి బిళ్ళల, అంటే స్పేసర్ల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ఫిర్యాదు: బిగించిన మర్నాటి నుంచి టైరు ఎక్కడో తగులుతోంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది లాడర్ ఛాసిస్ (నిచ్చెనలాంటి ఇనప చట్రం) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ముందు విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్మ్ పట్టి ఉంచేది). 245/75 ఆర్16 టైర్లు తీసేసి 265/75 ఆర్16 వేయించాను. అప్పుడు ఎక్కడా తగల్లేదు. తర్వాత 30 మి.మీ. స్పేసర్లు బిగించాను. ఇప్పుడు స్టీరింగ్ బాగా తిప్పితే గర్రుమని శబ్దం వస్తోంది. రెండు అంగుళాల లిఫ్ట్ వేస్తే, అంటే సస్పెన్షన్ మీద బండిని అంత ఎత్తు చేస్తే, పోతుందని గ్యారేజీవాళ్ళు అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: ఈ ఒక్క కారణంతో అయితే వద్దు. లిఫ్ట్ వేస్తే బండి నిలబడి ఉన్నప్పుడు చక్రం మీది ఆర్చ్‌లో ఖాళీ పెరిగినట్టు కనిపిస్తుంది, చదును రోడ్డు మీద శబ్దం తగ్గొచ్చు కూడా. గుంతలో చక్రం పైకి లేచి బంప్ స్టాప్ (చక్రం ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు) దాకా వెళ్ళిందంటే మళ్ళీ పాత చోటే తగులుతుంది. బంప్ స్టాప్ ఎత్తు మారలేదు కదా.

ముందు ఏం జరిగిందో లెక్క చూద్దాం. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తన నడిమధ్య నుంచి తిరగదు. ఆర్మ్‌ల కొసల్లో ఉండే తిరిగే కీళ్ళను, అంటే పై బాల్ జాయింట్‌నీ కింది బాల్ జాయింట్‌నీ కలిపే గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత నేలను తాకే చోటు చాలా బండ్లలో టైరు నడిమికి కాస్త లోపలి పక్కన ఉంటుంది. స్పేసర్ చక్రాన్ని ఆ గీతకు ఇంకా దూరం జరిపింది. బందుకు దూరమైనకొద్దీ తలుపు అంచు పెద్ద వలయం గీసినట్టే, టైరు కూడా ఇప్పుడు పెద్ద వలయంలో తిరుగుతోంది. ఎడమకు తిప్పితే కుడి చక్రం మొత్తంగా ముందుకు జరిగి, దాని బయటి భుజం (నేలను తాకే ట్రెడ్ పక్కగోడతో కలిసే అంచు) బంపర్ మూల వైపు పోతుంది. అదే సమయంలో ఎడమ చక్రం వెనక్కి జరిగి, బయటి భుజం ఆర్చ్ వెనక గోడ వైపు పోతుంది. కుడికి తిప్పితే ఇదంతా తారుమారు.

మలుపులో లోపలి పక్కన ఉండే చక్రం ఎక్కువ కోణం తిరుగుతుంది. అది 35 డిగ్రీలు తిరిగిందనుకుంటే 30 మి.మీ. స్పేసర్ వల్ల టైరు మరో 17 మి.మీ. వెనక్కి పోతుంది. కొత్త టైరు వెడల్పు పక్కకు 10 మి.మీ. పెరిగింది, దానివల్ల దాదాపు 6 మి.మీ. వ్యాసం 774 నుంచి 804 మి.మీ. అయింది, అంటే వ్యాసార్ధంలో 15 పెరుగుదల, దానివల్ల మరో 12 మి.మీ. మొత్తం 35 మి.మీ. దాకా దగ్గరైంది. టైర్లు మార్చినప్పుడు పోయిన 18 మి.మీ.ని కంపెనీ వదిలిన ఖాళీ తట్టుకుంది. స్పేసర్ తీసుకున్న 17 మి.మీ.కి అక్కడ చోటు మిగల్లేదు.

ఇంకో సంగతి. అన్ని బండ్లలోనూ ఫుల్ లాక్ దగ్గరే, అంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే, ఎక్కువ తగలదు. టైరు బయటి భుజం ముందుకు పోతూ పోతూ ఒక కోణం దాటాక లోపలికి మళ్ళుతుంది. అందుకే కొన్నిట్లో 25 డిగ్రీల దగ్గర గీసుకుని, పూర్తిగా తిప్పేసరికి శబ్దం ఆగిపోతుంది. ఫుల్ లాక్‌లో పెట్టి దిగి చూసి, బానే ఉందని సరిపెట్టుకోవద్దు.

ఎక్కడ తగులుతోందో తేలాలంటే సుద్దముక్క చాలు. ముందు రెండు టైర్ల నాలుగు భుజాల మీదా, అంటే ట్రెడ్ అంచు నుంచి పక్కగోడ మీదికి మూడు వేళ్ళ వెడల్పున, మందంగా సుద్ద పూయండి. ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద మట్టి తుడిచేయండి. నడక వేగంతో బండిని కదిలిస్తూ ఒక లాక్ నుంచి రెండో లాక్ దాకా నిదానంగా తిప్పండి. తర్వాత వెనక్కి నడిపిస్తూ అదే పని. ఆ పైన ఒక ముందు చక్రాన్ని గట్టి ర్యాంపు మీదికో, చిన్న గట్టు మీదికో ఎక్కించి, ఆ పక్క స్ప్రింగ్ బాగా నొక్కుకున్నాక మళ్ళీ తిప్పించండి. రెండో పక్కా ఇలాగే. సుద్ద అంటిన ప్రతి చోటునీ టార్చి వేసి చూసి మార్కర్‌తో చుట్టండి. పాత రాపిడి అయితే ప్లాస్టిక్ మీద నల్లటి మెరుపు ఉంటుంది, రేకు మీద పెయింట్ పోయి తళతళలాడుతుంది.

మొదట తగిలేది చాలా బండ్లలో మడ్‌ఫ్లాపూ, దాని స్క్రూలూ. తీసేసి మళ్ళీ పరీక్షించండి. కొందరికి పని ఇక్కడితోనే అయిపోతుంది. చట్టప్రకారం మడ్‌ఫ్లాప్ ఉండాల్సిన చోట అయితే సన్నటి రబ్బరుది, వెనక్కి జరిపి వేయించుకోండి.

తర్వాత లైనర్. క్లిప్పులు విప్పి, లైనర్ వెనక ఎంత ఖాళీ ఉందో చేత్తో తడమండి. రెండు మూడు సెంటీమీటర్లు ఉత్త గాలే ఉండటం మామూలు. హీట్ గన్ను ఒక జానెడు దూరం నుంచి ఆడిస్తూ వేడి చేయాలి. ప్లాస్టిక్ మెత్తబడితే చాలు, మెరుస్తోందంటే కరగబోతోందన్నమాట. గుడ్డ చుట్టిన చెక్కముక్కతో వెనక్కి నొక్కి, పూర్తిగా చల్లారేదాకా అలాగే పట్టుకోండి. ముందే వదిలేస్తే మళ్ళీ పాత ఆకారానికి వచ్చేస్తుంది. వెడల్పాటి వాషర్‌తో స్క్రూ వేసి నిలపవచ్చు గానీ, బెజ్జం వేసేముందు అవతల ఏముందో చూసుకోవాలి. అద్దాల నీళ్ళ డబ్బా, హెడ్‌లైట్ వైర్లు, ఏసీ పైపులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

బంపర్ మూల కోయాల్సి వస్తే, సుద్ద మరక అంచు నుంచి 15 మి.మీ. ఎడంగా మాస్కింగ్ టేపు అతికించి, దాని మీద గీత గీసుకోండి. మొద్దు పళ్ళ బ్లేడు ప్లాస్టిక్‌ని చీలుస్తుంది, గ్రైండర్ కరిగిస్తుంది. సన్న పళ్ళ హ్యాక్‌సా బ్లేడే మేలు. ఫాగ్ ల్యాంపు బ్రాకెట్, పార్కింగ్ సెన్సర్ వైరు, బంపర్ వెనకుండే ఎయిర్‌బ్యాగ్ క్రాష్ సెన్సర్, ఈ మూడింటి చోటు చూడకుండా బ్లేడు పెట్టొద్దు. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి రబ్బరు బీడింగ్ తొడగండి. ఒక పక్క కోసిన కొలతకే అట్టముక్క కత్తిరించుకుంటే రెండో పక్కా అచ్చంగా వస్తుంది.

పని అయ్యాక, సస్పెన్షన్ నొక్కుకుని స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు చుట్టూ కనీసం 15 మి.మీ. ఖాళీ ఉండాలి. మడ్ టెరైన్ టైర్లయితే 20 వదలండి, ఆ దిమ్మెల మధ్య ఇరుక్కునే బురదకీ చోటు కావాలి.

ఇంత పనికి ముందు ఒక్క ప్రశ్న: స్పేసర్లు ఎందుకు వేశారు? లోపలి పక్క టైరు విష్‌బోన్‌కో, ఛాసిస్‌కో తగిలి ఉంటే అర్థముంది. స్పేసర్ ఆ రాపిడిని తన మందం మేరకు తప్పిస్తుంది. మీ టైర్లు అంతకుముందు ఎక్కడా తగల్లేదని మీరే రాశారు. చూపుకోసమే అయితే, కోతకు దిగేముందు తీసేసి ఒకసారి నడిపి చూడండి.

ప్రశ్న: మడ్‌ఫ్లాప్ తీశాను, లైనర్ జరిపాను. అయినా ముందు చక్రం వెనకాల, కాళ్ళు పెట్టుకునే చోటుకి బయట, రేకు అంచు ఒకటి టైరును కోస్తోంది. గ్రైండర్‌తో తీసేయవచ్చా?

జవాబు: తీసేయకూడదు. అది రెండు రేకుల్ని కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకు. అంచు కోస్తే వెల్డింగ్ చుక్కలు కూడా పోతాయి. అతుకు విచ్చుకుంటుంది, వానాకాలం వచ్చేసరికి కార్పెట్ కింద నీళ్ళు. దాన్ని కోయరు, మడుస్తారు.

చక్రం విప్పి, బండిని స్టాండ్ల మీద నిలపండి. లోపల కార్పెట్ ఎత్తి ఆ చోట వైర్లు ఉంటే పక్కకు జరపండి. అతుకు మీది పాత సీలెంట్‌ను గీకేయాలి, లేకపోతే వెల్డింగ్ చుక్కలు ఎక్కడున్నాయో తెలియదు. వంపు తిరిగిన చోట రేకు ఒక్కసారిగా మడత పడదు, ముడతలు పడుతుంది. అక్కడ 25 నుంచి 30 మి.మీ.కి ఒకటి చొప్పున అంచు నుంచి లోపలికి చిన్న గాటు పెట్టండి. గాటు వెల్డింగ్ చుక్క దాకా పోకూడదు. కిలో, కిలోన్నర సుత్తితో, మధ్యలో చదును ఇనప ముక్క అడ్డం పెట్టి, టైరుకు దూరంగా వంచుకుంటూ పోవాలి. ఒకే చోట నాలుగు దెబ్బలు వేయకుండా, పై నుంచి కింది దాకా కొద్దికొద్దిగా వంచి మళ్ళీ మొదటికి రండి. మూడు నాలుగు విడతల్లో చదునుగా పడుకుంటుంది. మధ్యమధ్యలో ముందు తలుపు తెరిచి మూసి చూడండి. తలుపు కదలికలో తేడా వచ్చిందంటే దెబ్బ పక్క రేకుకు పాకుతోందని అర్థం.

పెయింట్ లేచిన చోటల్లా ఇనుము కనిపించేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద సీమ్ సీలెంట్, ఆపైన పెయింట్, చివర్న అడుగుభాగానికి వేసే కోటింగ్. ఈ వరస ఎగ్గొట్టినవాళ్ళ బండ్లలో తుప్పు మొదలయ్యేది సరిగ్గా ఆ మడత లోపల, కంటికి కనబడని చోట.

అంచు మడిచినా బాడీ మౌంట్‌కు తగులుతుంటే, అంటే ఛాసిస్ నుంచి బయటికి వచ్చి బాడీని మోసే ఆ బ్రాకెట్‌కు తగులుతుంటే, వెల్డింగ్ కంటే ముందు అలైన్‌మెంట్ ప్రయత్నించండి. కింది ఆర్మ్‌కి క్యామ్ బోల్టులున్న (తిప్పితే ఆర్మ్ మొదలు పక్కకు జరిగే) బండ్లలో ముందు క్యామ్‌ను లోపలికీ, వెనక క్యామ్‌ను బయటికీ తిప్పితే కింది బాల్ జాయింట్ ముందుకు జరుగుతుంది. చక్రం కొన్ని మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే ఆ బాల్ జాయింట్ల గీత వెనక్కి వాలిన కోణం) పెరుగుతుంది. స్టీరింగ్ కాస్త బరువెక్కుతుంది, నేరుగా పోవడంలో నిలకడ వస్తుంది. క్యాంబర్ (చక్రం తల లోపలికో బయటికో వాలిన కోణం), టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన తేడా) మళ్ళీ సరిచేయించుకోవాలి. ఇలా జరిపితే ముందు బంపర్ వైపు ఖాళీ అంత మేరా తగ్గుతుందని మరవొద్దు. బంపర్ కోత కొలత అలైన్‌మెంట్ తర్వాతే ఖాయం చేసుకోండి.

చివరి మార్గం బాడీ మౌంట్ మూల కోయడం. ఇది బండి బరువు మోసే భాగం కాబట్టి ఛాసిస్ పని తెలిసిన వెల్డర్ చేతికే ఇవ్వాలి. రబ్బరు కూర్చునే వలయం, బోల్టు వాషర్ ఆనే చోటు చెక్కుచెదరకూడదు, వాటి బయటి మూలే పోవాలి. కోసిన నోటిని 4 మి.మీ. ఇనప ప్లేటుతో మూసి, చుట్టూ విడవకుండా వెల్డింగ్ చేయాలి. ప్లేటు మందం, వెల్డింగ్ గట్టు కలిపి దాదాపు 7 మి.మీ. మళ్ళీ ముందుకొస్తాయి, కోత గీసేటప్పుడే అది కలుపుకోవాలి. ఈ లెక్క తప్పి, అంతా అయ్యాక టైరు కొత్త ప్లేటుకు తగలడం తరచూ కనిపించే పొరపాటు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, మౌంట్ రబ్బరు మీద తడిగుడ్డ కప్పాలి, దగ్గర్లో బ్రేకు పైపు ఉంటే పక్కకు తప్పించాలి.

ప్రశ్న: ముందూ వెనకా లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) బండి. చదును నేల మీద స్టీరింగ్ ఎటు తిప్పినా ఏమీ తగలదు. ఒక చక్రం పెద్ద రాయి ఎక్కితే మాత్రం ఆర్చ్ పై అంచు టైరును చెక్కేస్తోంది. స్పేసర్లు వేయకముందు ఇది లేదు. స్పేసర్ చక్రాన్ని పక్కకే కదా జరిపేది, పైకి కాదుగా?

జవాబు: పక్కకే. ఆ పక్కకు జరగడమే చిక్కు. ఇంతకుముందు టైరు ఆర్చ్ పెదవికి లోపలగా, ఖాళీలోకి లేచేది. ఇప్పుడు బయటి భుజం సరిగ్గా పెదవి కిందికి వచ్చింది. పైగా లైవ్ యాక్సిల్‌లో ఒక పక్క లేచినప్పుడు చక్రం తలను లోపలికి వాల్చుకుని లేస్తుంది. బంప్ స్టాప్ లోపలెక్కడో ఆగినా, దాన్ని ఆనుకుని యాక్సిల్ ఇంకా ఒరుగుతుంది, దానికి బయట ఉన్న చక్రం మరింత పైకి పోతుంది. చక్రం ఎంత బయటుంటే అంత ఎక్కువ.

దీనికి మందు బంప్ స్టాప్ కింద దిమ్మె. ఎంత మందం అనేది ఊహతో కాదు, కొలిచి తేల్చాలి. ఛాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలిపి, షాక్ అబ్సార్బర్ల కింది బోల్టులు విప్పి, కాయిల్ స్ప్రింగులు బయటికి తీయండి. స్ప్రింగ్‌లో బిగువు పూర్తిగా పోయిందని తేలేదాకా చేతులు దూరంగా ఉంచండి. బ్రేకు గొట్టాలు లాగుడు పడకుండా చూసుకోండి. చక్రాలు బిగించి, ఒక పక్కను జాకీతో నిదానంగా లేపండి, రెండో పక్కను కిందికి వదలండి. టైరు పెదవిని తాకిన క్షణాన ఆపి, బంప్ స్టాప్‌కీ అది ఆనే ప్యాడ్‌కీ మధ్య ఎంత మిగిలిందో కొలవండి. 8 మి.మీ. మిగిలిందనుకుందాం. రబ్బరు స్టాప్ గట్టి దెబ్బకు మూడో వంతు నలుగుతుంది, 60 మి.మీ. పొడవుదైతే 20 కలపండి. ఖాళీ కోసం 10. మొత్తం 38, అంటే 40 మి.మీ. దిమ్మె. స్టీరింగ్ నేరుగా ఉంచి ఒకసారి, తిప్పి ఉంచి ఇంకోసారి కొలిచి, పెద్ద లెక్కనే తీసుకోండి. రెండు పక్కలా ఒకటే మందం.

40 మి.మీ. అంటే చక్రం పైకి లేచే దారిలో అంత పోయినట్టే, రాళ్ళ దారిలో బండి త్వరగా బిరుసెక్కుతుంది. అది ఒప్పుకోలేనివాళ్ళు ఆర్చ్ వైపు చూడాలి. ఒంటి రేకు పెదవి అయితే రోలర్‌తో లోపలికి మడవచ్చు. రోలర్‌ను హబ్‌కి బిగించి, పెయింట్‌ను హీట్ గన్‌తో వెచ్చబెడుతూ, ఒక్కో విడతకు కొంచెం కొంచెం నొక్కుతూ పోతే పెయింట్ పగలదు. వెనక ఆర్చ్‌లో తరచూ రెండు రేకులు కలిసి ఉంటాయి, దాన్ని కోస్తే తప్పక మళ్ళీ అతికి సీల్ చేయాలి. కోసి, ఆర్చ్‌ను బయటికి పెంచే ఫ్లేర్ తొడిగితే ఇంకో లాభం, బయటికొచ్చిన ట్రెడ్ మీద కప్పు పడి తలుపులకు రాళ్ళూ బురదా ఎగరవు.

ప్రశ్న: స్పేసర్లు నాలుగూ ఒకటే మందం. కానీ వెనక ఎడమ టైరు మాత్రమే ఆర్చ్‌కి తగులుతోంది. స్పేసర్లలో తేడా ఉందా? నిరుడు లిఫ్ట్ కూడా వేయించాను.

జవాబు: స్పేసర్లను అనుమానించకండి, మీ ఆఖరి వాక్యంలోనే జవాబు ఉంది. కాయిల్ స్ప్రింగుల లైవ్ యాక్సిల్‌ను పక్కలకు కదలకుండా పట్టేది ప్యాన్‌హార్డ్ రాడ్. దాని ఒక కొస ఛాసిస్‌కు, రెండో కొస యాక్సిల్‌కు. లిఫ్ట్ వేస్తే ఆ రాడ్ ఏటవాలు పెరిగి, అడ్డంగా దాని పొడవు తగ్గుతుంది. యాక్సిల్ మొత్తం రాడ్ ఛాసిస్‌కు బిగిసిన పక్కకు జరుగుతుంది. మీ బండిలో ఆ పక్క ఎడమ అయ్యుండాలి. స్పేసర్లు లేనప్పుడు ఖాళీ ఉండి బయటపడలేదు.

చదును నేల మీద బండి నిలిపి, ఛాసిస్ పట్టీ నుంచి టైరు లోపలి గోడకు రెండు పక్కలా ఒకే ఎత్తులో కొలవండి. ఎడమ 62, కుడి 50 వస్తే, తేడాలో సగం, 6 మి.మీ., యాక్సిల్ ఎడమకు జరిగినట్టు. పొడవు మార్చుకునే ప్యాన్‌హార్డ్ రాడ్ వేయించి అంత పొడిగించాలి. బోల్టులను బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే ఆఖరి బిగువు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రాడ్ కొసల్లోని రబ్బరు బుష్షు మెలి తిరిగి త్వరలోనే చిరుగుతుంది.

ప్రశ్న: మామూలుగా ఏమీ లేదు. మలుపులో బ్రేకు వేస్తేనే ముందు టైరు వెనక లైనర్‌ను గీస్తోంది.

జవాబు: కోత పనికి ముందు కింది ఆర్మ్ బుష్షులు చూపించండి. బ్రేకు పట్టగానే నేల చక్రాన్ని వెనక్కి లాగుతుంది. బుష్షు అరిగి ఉంటే ఆర్మ్ ఆ మేరకు వెనక్కి వంగుతుంది. ఒకరు బండిని ముందుకు కదిలించి టక్కున బ్రేకు వేస్తుంటే, ఇంకొకరు పక్కన సురక్షితమైన దూరంలో నిలబడి చక్రం ఆర్చ్‌లో ఎంత జరుగుతోందో చూడాలి. కంటికి తెలిసేలా వెనక్కి పోతోందంటే బుష్షులు మార్చాల్సిందే. రబ్బరులో పగులు, నూనె లాంటి ద్రవం కారిన మరక కూడా అదే చెబుతాయి. స్పేసర్ వల్ల ఈ బుష్షుల మీదా, హబ్ బేరింగుల మీదా పడే మెలి ఎలాగూ పెరుగుతుంది. పాత బుష్షులతో స్పేసర్ వేస్తే ముందు మొరపెట్టేవి అవే.

ప్రశ్న: 20 మి.మీ. స్పేసర్లు బిగించాక స్టీరింగ్‌లో వణుకు. నట్లు ఎన్నిసార్లు బిగించినా వదులవుతున్నాయి. టైరు కూడా లోలోపల ఎక్కడో తాకుతున్న శబ్దం.

జవాబు: ఆ శబ్దం టైరుది కాకపోవచ్చు. ఈ ఉత్తరం చదవగానే బండి నడపడం ఆపండి.

స్పేసర్ హబ్ స్టడ్లకు (నట్లు ఎక్కే మర కడ్డీలకు) తన నట్లతో బిగుస్తుంది, రిమ్ము స్పేసర్ సొంత స్టడ్లకు బిగుస్తుంది. 20 మి.మీ. స్పేసర్ వేసినప్పుడు హబ్ స్టడ్ల కొసలు స్పేసర్ ముఖం దాటి బయటికి పొడుచుకు వస్తాయి. వాటికి ఎదురుగా రిమ్ము వెనకాల గుంటలుంటే సరే. లేకపోతే రిమ్ము ఆ కొసల మీద నిలబడుతుంది గానీ స్పేసర్‌కు పూర్తిగా ఆనదు. నట్టు ఎంత బిగించినా ఆ బిగువు దొంగ బిగువే, నాలుగు గుంతలకు పోతుంది. హబ్ ముఖం నుంచి స్టడ్డు పొడవు కొలవండి. అందులోంచి స్పేసర్ మందం తీసేస్తే మిగిలేది పొడుచుకు వచ్చే భాగం. రిమ్ము గుంట లోతు దానికంటే కనీసం 2 మి.మీ. ఎక్కువ ఉండాలి. లేదంటే మందమైన స్పేసరో, వేరే రిమ్మో. స్టడ్లు కోయాలంటే ఒక్క షరతు: కోశాక కూడా స్పేసర్ నట్టులో స్టడ్డు తన వ్యాసమంత లోతుకైనా దిగాలి. ఎం12 స్టడ్డుకు 12 మి.మీ., అంటే పిచ్ (మర చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, మి.మీ.లో) 1.5 అయితే 8 చుట్లు, 1.25 అయితే తొమ్మిదిన్నర. పిచ్ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 1.25 స్టడ్డుకు 1.5 నట్టు బలవంతంగా ఎక్కిస్తే మర చెడిపోతుంది.

వణుకుకు రెండో కారణం నడిమి రంధ్రం. పీసీడీ (స్టడ్ల సంఖ్య, వాటి వలయం వ్యాసం) కలిసింది కదా అని ఏదో ఒక స్పేసర్ తెచ్చుకుంటారు. ఉదాహరణకు టయోటా హైలక్స్, ఫార్చ్యూనర్‌లకు 6×139.7 పీసీడీ, హబ్ 106.1 మి.మీ. స్పేసర్ నడిమి రంధ్రం అంతకంటే పెద్దదైతే చక్రాన్ని నడిమికి నిలిపే పని మొత్తం నట్ల మీదే పడుతుంది. రంధ్రం హబ్‌కు సరిగ్గా కూర్చోవాలి. స్పేసర్ బయటి ముఖాన రిమ్ముకు కూడా అలాంటి గట్టు ఉండాలి. పోత అల్యూమినియంవి వద్దు, 6061-టి6 లేదా 7075-టి6 రకం అల్యూమినియం దిమ్మె నుంచి చేసినవి తీసుకోండి.

బిగించే తీరు కూడా చెప్పుకోవాలి. హబ్ ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో పోగొట్టండి. కొత్త బండ్లలో డిస్కును పట్టి ఉంచే చిన్న రేకు క్లిప్పులు స్టడ్ల మీద ఉంటాయి, వాటిని తీయకపోతే స్పేసర్ ఆనదు. ముఖాలకు గ్రీజు వద్దు. స్పేసర్ నట్లను ఎదురెదురుగా, రెండు విడతల్లో, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచ్‌తో బిగించండి. ఇంపాక్ట్ గన్ నట్టును దగ్గరికి చేర్చడం వరకే. తర్వాత రిమ్ము నట్లూ అంతే. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్ళీ పట్టి చూడాలి. రిమ్ము నట్లు చూసి సరిపెట్టుకుంటారు చాలామంది. చక్రం విప్పి లోపలి స్పేసర్ నట్లూ చూడాలి. నట్టు మొదట్లో నల్లటి పొడి గీతలు కనిపిస్తే అది వదులుగా ఆడిందని గుర్తు. రిమ్ము బెజ్జాలు కోలగా సాగి ఉంటే ఆ రిమ్ము పారేయండి.

ప్రశ్న: స్టీరింగ్ స్టాప్ బోల్టు పెంచితే సరిపోదా? ఇంత కోత, వెల్డింగ్ ఎందుకు?

జవాబు: చివరి రెండు మూడు డిగ్రీల్లోనే తగులుతుంటే సరిపోతుంది, అదే సులువు కూడా. నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరుగుతూ హబ్‌ను మోసే భాగం) మీద లాక్ నట్టుతో ఉండే ఆ బోల్టును వదులు చేసి బయటికి తిప్పి, ఖాళీ చూసుకుని మళ్ళీ బిగించడమే. రెండు పక్కలా ఒకే కొలత ఉంచండి. బండి తిరిగే వలయం పెరుగుతుంది, ఇరుకు దారిలో ఒక రివర్స్ ఎక్కువ పడుతుంది. కానీ పైన చెప్పినట్టు సగం లాక్ దగ్గరే తగిలి, పూర్తిగా తిప్పితే వదిలేసే బండ్లలో ఈ బోల్టు ఎందుకూ పనికిరాదు. సుద్ద పరీక్ష చేసి ఏ కోణంలో తగులుతోందో ముందు తేల్చుకోండి. ర్యాక్ స్టీరింగ్ బండ్లలో ఇలాంటి బోల్టు చాలావాటికి ఉండదు.

ప్రశ్న: స్పేసర్లు తీసేసి తక్కువ ఆఫ్‌సెట్ రిమ్ములు వేస్తే రాపిడి పోతుందా?

జవాబు: రిమ్ము మీద ఇటి అని రాసేదే ఆఫ్‌సెట్: రిమ్ము నడిమి గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత బయటికుందో మి.మీ.లో. అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. ఇటి 30 రిమ్ముకు 25 మి.మీ. స్పేసర్ వేసినా, అదే వెడల్పున్న ఇటి 5 రిమ్ము నేరుగా వేసినా టైరు ఉండేది ఒకే చోట. తగిలేదీ ఒకే చోట. నట్ల వరస ఒకటి తగ్గుతుంది, అదొక్కటే లాభం, అది చిన్న లాభం కూడా కాదు.

ప్రశ్న: 30 మి.మీ. చాలక ఇంకో 15 మి.మీ. స్పేసర్ దాని మీదే వేయవచ్చా?

జవాబు: వేయకూడదు. 45 మి.మీ. నిజంగా అవసరమైతే అంత మందమున్న ఒకే స్పేసర్, లేదా రిమ్ము మార్చడం.

ప్రశ్న: ఇసుకలో గాలి తగ్గిస్తే టైరు ఉబ్బి ఆర్చ్‌కి ఇంకా ఎక్కువ ఒరుసుకుంటుందా?

జవాబు: ఉబ్బేది నేలను తాకే కింది భాగమే. బంపర్, ఆర్చ్ ఎదుట ఉండే పై భాగం దాదాపు అలాగే ఉంటుంది. గాలి తగ్గించాక కొత్తగా శబ్దం వస్తే కింది వైపు, లోపలి పక్క చూడండి: ఉబ్బిన పక్కగోడ స్టీరింగ్ టై రాడ్ కొసనో, కింది ఆర్మ్ మూలనో తాకుతుండవచ్చు.